చక్రం వెనక పసుపు రాయి

కొండ అంటే ఏమిటో నాకు రైల్లో ఉద్యోగం వచ్చాకే తెలిసింది. మాది రేపల్లె పక్కన ఓ పల్లె. మా వైపు ఎత్తు అంటే కాలవ కట్టే. నేలమీద నిమ్మకాయ పెడితే రేపటిదాకా పెట్టినచోటే ఉంటుంది. అలాంటి చోట పుట్టి, తెనాలి–రేపల్లె లైన్లో గార్డుగా పచ్చజెండా ఊపుకుంటూ హాయిగా ఉన్నవాణ్ణి పట్టుకెళ్ళి నల్లమల కొండల్లో పడేశారు. అరవైల మొదట్లో మాట అది.

కొత్తగా రైల్లో చేరిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ‘మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏదండీ?’ అని అడుగుతారు. పెద్ద ప్రమాదం కథ ఏదో వినబోతున్నామని ముందుకు జరిగి కూర్చుంటారు. నేను పెళ్ళి సంగతి మొదలుపెట్టేసరికి ముఖాలు వేలాడేస్తారు. కాసేపు ఓపిక పట్టండర్రా అంటాను. మీకూ అదే చెప్తున్నాను.

ముందు ఒక సామాను గురించి చెప్పాలి. రైలు చివర గార్డు ఉండే పెట్టెలో ఇనప చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని బిగదిప్పితే ఆ పెట్టె చక్రాలకి బ్రేకు పడుతుంది. చేత్తో తిప్పే బ్రేకన్నమాట. మా రేపల్లె లైన్లో దానికి మేం కనిపెట్టిన ఉపయోగం ఒక్కటే, అన్నం కేరేజీ తగిలించుకోవడం. జంపని గేటు దగ్గర చెరుకు బళ్ళకోసం ఆగినా, వేమూరులో ఎవరో పరిగెత్తుకొస్తున్నారని ఆపినా, బండి ఆగినచోట గేదెలా నిలబడేది. దాన్ని పట్టి ఉంచాల్సిన పని మాకెప్పుడూ పడలేదు.

దొనకొండకు మారిన మొదటిరోజు కూడా అలవాటుగా కేరేజీ దానికే తగిలించాను. మా డ్రైవరు చూశాడు. ఆయనది బాపట్ల. నాకంటే బాగా పెద్దవాడు. కొండల్లో తిరిగి తిరిగి ఆయన గొంతు కూడా ఇంజను గొంతులా బొంగురుపోయింది.

“ఏవయ్యా రేపల్లె! దాన్నేవంటారో తెలుసా?” అన్నాడు.

“హ్యాండ్ బ్రేకండి.”

“తెలిసే తగిలించావా? సరే, అది నీకు కేరేజీ కొయ్యేలే.”

ఆరోజునుంచి నా పేరు రేపల్లె, ఆ బ్రేకు పేరు కేరేజీ కొయ్య. లోకో షెడ్డులో అందరికీ చెప్పి నవ్వించాడు. నాకు ఒళ్ళు మండేది. అయినా ఆయన ఇంట్లోంచి రోజూ నాకు గోంగూర పచ్చడి వచ్చేది కాబట్టి ఓర్చుకున్నాను.

మా పాసింజరు సాయంత్రం గుంటూరులో బయల్దేరేది. మేం దొనకొండలో ఎక్కేసరికి పెట్టెల్లో అందరూ నిద్రపోతూ ఉండేవారు. కంభం, గిద్దలూరు దాటి కొండ మొదలయ్యే వేళకి తూర్పున వెలుగు రాబోతూ ఉండేది. అప్పుడు చూడాలి! ఇంజను ఒక్కో ఊపిరీ బలంగా తీస్తూ ఎక్కేది. నిప్పురవ్వలు అడవిలోకి ఎగిరేవి. సొరంగంలోకి వెళ్ళేముందు తువాలు తడిపి ముక్కుకి కట్టుకునేవాళ్ళం. బయటికి రాగానే చల్లగాలి, తడి ఆకుల వాసన, కిందెక్కడో లోయ. లోయమీద వంతెన ఎంత ఎత్తంటే, దానిమీద వెళ్తుంటే కింద ఎగిరే పక్షుల వీపులు కనిపించేవి. పక్షి వీపు నేనెప్పుడైనా చూశానా! నెలల తరబడి అదే దారిలో తిరిగినా తలుపు పట్టుకుని వేలాడుతూ చూస్తూనే ఉండేవాణ్ణి. ఇది చూపించి జీతం కూడా ఇస్తున్నారేమిటి అనుకునేవాణ్ణి.

కొండ మొదట్లో ఉన్న స్టేషనులో బండి వెనక ఇంకో ఇంజను తగిలించేవారు. ముందుది లాగేది, వెనకది తోసేది. శ్రావణ మాసంలో ఒకరోజు మేం అక్కడికి చేరేసరికి ఆ రెండో ఇంజను మరమ్మతులో ఉంది. సన్నగా వాన. మా డ్రైవరు ఆకాశంకేసి చూశాడు, పట్టాలకేసి చూశాడు, తన ఇంజనుకేసి చూశాడు.

“ఎక్కుద్దిలే,” అన్నాడు.

ఎక్కింది. సగం దాకా బ్రహ్మాండంగా ఎక్కింది. ఎత్తయిన వంతెన దాటి, వంపు తిరిగి, ఇంక సొరంగం ఒక్కటే మిగిలిందనగా చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. పట్టాలమీద తడి, దానిమీద రాలిన ఆకులు. ఇసక చల్లారు. ఫైర్‌మన్ దిగి గుప్పిళ్ళతో చల్లుకుంటూ నడిచాడు. ఇంజను రొప్పింది, అరిచింది, చివరికి ఆగిపోయింది.

డ్రైవరు లాంతరు పట్టుకుని నా దగ్గరికి నడిచి వచ్చాడు. ఆయన నవ్వకుండా రావడం చూడటం అదే మొదటిసారి.

“బండిని రెండు ముక్కలు చెయ్యాలి. ముందు సగం తీసుకెళ్ళి పై స్టేషన్లో పెట్టి, మళ్ళీ వచ్చి నిన్ను తీసుకెళ్తా.”

“మరి అందాకా వెనక పెట్టెలు?”

“వాటికి నువ్వే దిక్కు.”

ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. రైలు బ్రేకుల పట్టంతా ఇంజనుతోనే. ఇంజను విడిపోయాక వెనక పెట్టెల బ్రేకులు కాసేపు పట్టే ఉంటాయి. తర్వాత గాలి మెల్లగా చొరబడి సడలిపోతాయి. ఆపైన బండిని ఆపేది ఒక్క హ్యాండ్ బ్రేకే. అది చాలకపోతే? పెట్టెలు వెనక్కి జారతాయి. వెనక వంపు, వంపు దాటితే ఆ వంతెన.

“ఇహ నీ కేరేజీ కొయ్యే గతి,” అన్నాడు డ్రైవరు. “ఇంకో మాట చెవినేసుకో. బ్రేకన్న మాట జనం చెవిన పడనీకు. గాభరాపడి ఎటుపడితే అటు దూకేస్తారు. ఎడంపక్క లోయ, చూస్తన్నావుగా?”

చూస్తూనే ఉన్నాను. పక్షుల వీపులు చూసి మురిసిపోయిన లోయే అది.

ఇంజను ముందు సగంతో సొరంగంలోకి వెళ్ళిపోయింది. ఆ చప్పుడు పూర్తిగా పోయాక అడవి ఎంత పెద్దదో తెలిసింది. నా దగ్గర మూడు పెట్టెలు, వాటి నిండా మనుషులు. బ్రేకు చక్రం మీద నా బరువంతా వేసి తిప్పాను. చక్రాల వెనక వేసే చెక్క దిమ్మల కోసం వెతికితే ఒక్కటే దొరికింది. రెండోది ఎవరో టీ కాచుకోవడానికి పొయ్యిలో పెట్టుకున్నట్టున్నారు. ఉన్నదాన్ని తన్ని బిగించి, ఓ చక్రానికీ పట్టాకీ కలిపి సుద్దముక్కతో గీత గీశాను. అది మా డ్రైవరు నేర్పిందే. గీత నిలిచి ఉన్నంతసేపూ బండి నిలిచి ఉన్నట్టు.

వెనక్కి కొంతదూరం నడిచి, వెనకొచ్చే బళ్ళకి ఆనవాలుగా ఎర్రదీపం పెట్టి తిరిగొచ్చాను. వంగి చూశాను. గీత విరిగిపోయింది. చక్రం మీది ముక్క ఒకచోట, పట్టా మీది ముక్క ఒకచోట. మధ్యలో వేలెడు ఎడం.

పరిగెత్తి బ్రేకు చక్రం మళ్ళీ తిప్పబోయాను, ఇంక తిరగలేదు. కొండవైపు రాళ్ళు కావలసినన్ని ఉన్నాయి. కానీ నేనొక్కణ్ణే ఎన్ని మోస్తాను, ఎన్ని చక్రాలకి పెడతాను? మనుషులు కావాలి. జనం దిగాలి, అదీ కొండవైపే దిగాలి, తోసుకోకుండా దిగాలి. ఎందుకు దిగాలో మాత్రం చెప్పకూడదు.

అప్పుడు నా పెట్టెకి ముందున్న పెట్టెలోంచి ఓ ముసలావిడ తల బయటపెట్టింది. ఆ పెట్టె నిండా పెళ్ళివారే. పేరాల నుంచి వస్తున్న నేతగాళ్ళ కుటుంబం. చీరాలలో రైలెక్కి, తెనాలిలో మారి, గుంటూరులో మా చిన్న లైను, అదే మీటరుగేజి బండెక్కారు. పెళ్ళికూతురు కొండకి ఆవల, నంద్యాల దగ్గర. ఆ ముసలావిడ పెళ్ళికొడుకు నాయనమ్మ. సొంత మగ్గం మీద నేసిన పెళ్ళిచీర మూటకట్టి ఒళ్ళో పెట్టుకుని, దొనకొండలో నేను చూసినప్పుడు ఎలా కూర్చుందో అలాగే కూర్చునుంది.

“ఏంటి నాయనా, బండి ఆగిపోయింది?” అంది. “పెళ్ళికి పోతా ఉంటే దార్లో ఆగడమేంటి? ఇది అపశకునం కాదా?”

లోపల్నుంచి పెళ్ళికొడుకు మేనమామ గొంతు, “అదే నేనూ అంటన్నానండి! వెనక్కి తిరిగిపోదామా అని!”

వెనక్కి తిరిగిపోయే ఏర్పాటు అక్కడ దానంతటదే జరుగుతోందని ఆయనకి తెలియదు కదా. ఆ క్షణంలో నా నోట్లోకి ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

“అపశకునమేంటి మామ్మగారూ? ఆగిపోలేదండి, ఆపాం. పెళ్ళివారున్న బండి ఈ కొండ దాటేటప్పుడు ఇక్కడ ఆగాల్సిందే. పెళ్ళికొడుకు కుడికాలు పెట్టి కుడిపక్క దిగి, చక్రం వెనక రాయి పెట్టి కొండమ్మ తల్లికి మొక్కాలి. తర్వాత మిగతావాళ్ళంతా తలా ఓ రాయి. ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ అండి.”

అనేశాక నాకే భయం వేసింది. ముసలావిడ నన్ను ఎగాదిగా చూసింది.

“ముందే చెప్పొద్దా నాయనా! కొబ్బరికాయలు పెట్టె అడుగున సర్దేశాం!” అంది.

ఇంక చూడండి. “లేవండర్రా, లేవండి! పసుపు డబ్బా ఏదీ? ఒరేయ్, పెళ్ళికొడుకుని లేపండి! కుడిపక్క, కుడిపక్కే దిగాలంట. ఎడంపక్క తలుపు ముయ్యండి!” అని ఆవిడ పెట్టిన కేకలకి పక్క పెట్టెలు కూడా లేచాయి. నాకు ముగ్గురు పోలీసులున్నా జనాన్ని అంత పద్ధతిగా దించలేకపోయేవాళ్ళు. పెళ్ళికొడుకు కళ్ళు నులుముకుంటూ, పంచె ఎగ్గట్టుకుని, వానలో మొదటి రాయి పెట్టాడు.

“ఎంత రాయి పెట్టాలి బాబూ?” అని ఒకావిడ అడిగింది.

“ఎంత పెద్దదైతే అంత మంచిదండి.”

ఆ మాటతో పెళ్ళికొడుకు స్నేహితులకి పంతం వచ్చింది. ఇద్దరిద్దరు కలిసి బండరాళ్ళు దొర్లించుకొచ్చారు. ఆడవాళ్ళు వాటికి పసుపు రాశారు. ఏ చక్రానికి రాయి తక్కువైందో నేను చూపించడం, ‘అటుపక్క తల్లికి తక్కువైందంట’ అని నాయనమ్మ కేకెయ్యడం. పెళ్ళికి సంబంధం లేని ప్రయాణికులు కూడా ఎందుకైనా మంచిదని తలా ఒకటి తెచ్చారు.

కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన మాత్రం నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఏదో కాలేజీలో మేష్టారట.

“నేనీ దార్లో చాలాసార్లు వచ్చానండి. ఈ ఆనవాయితీ ఎప్పుడూ చూళ్ళేదే?” అన్నాడు.

“పెళ్ళివాళ్ళతో ఎప్పుడైనా వచ్చారాండి?”

ఆయన నావైపు చూశాడు. విరిగిన సుద్దగీత వైపు చూశాడు. ఇంజను లేని పెట్టెల వైపు చూశాడు. ఆయన ముఖంలో రంగు మారింది. ఒక్క కేక వేస్తే అయిపోయేది. వెయ్యలేదు. కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని, చొక్కా చేతులు మడుచుకుని, తన శక్తికి మించిన రాయొకటి ఎత్తుకొచ్చి గార్డు పెట్టె చక్రం వెనక పెట్టాడు. ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది.

అందరూ కొండవైపు ఒడ్డున నిలబడ్డారు. నాయనమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉండగానే పెట్టెలు మూలిగాయి.

నేను చెప్పేది అబద్ధంలా ఉంటుంది, కానీ నా కళ్ళతో చూసింది. మూడు పెట్టెలూ ఒక్కసారి కదిలి వెనక్కి జారాయి. చక్రాలు రాళ్ళమీదికి ఎక్కబోయాయి. చిన్న రాళ్ళు పటపటా పగిలిపోయాయి. పసుపు పూసిన రాతిముక్క ఒకటి ఎగిరొచ్చి నా బూటుకి తగిలింది. పెద్ద రాళ్ళు నేలలోకి దిగాయి. పెట్టెలు వాటిమీద వాలి, ఒక్క కుదుపు కుదిపి, ఆగిపోయాయి. మళ్ళీ కదల్లేదు.

మేష్టారు పక్కనున్న చెట్టు పట్టుకున్నాడు. నాయనమ్మ రెండు చేతులూ పైకెత్తింది.

“చూశారా! తల్లి అందుకుంది! రాళ్ళు నమిలి తీసుకుంది!” అంది.

అందరూ కొండకి దణ్ణాలు పెట్టారు. నేనూ పెట్టాను. నిజంగానే పెట్టాను.

డ్రైవరు తిరిగొచ్చేసరికి బాగా వెలుగొచ్చింది. ఆయన కంగారుగా ఇంజను దిగి పరిగెత్తుకొస్తున్నాడు. ఎదురుగా చక్రాలకి పసుపు, కుంకుమ, ఓ చక్రానికి బంతిపూల దండ. ఒడ్డున జనం కొబ్బరిముక్కలు తింటున్నారు.

“ఏందయ్యా రేపల్లె ఇదంతా?”

“ఆనవాయితీ అండి,” అన్నాను. పెళ్ళివారు వింటున్నారు మరి.

నాయనమ్మ ఆయన చేతిలో కొబ్బరిచెక్క పెట్టి, “తిను నాయనా, తల్లి ప్రసాదం,” అంది. ఆయన వంగి నలిగిన రాళ్ళు చూశాడు. చాలాసేపు చూశాడు. టోపీ తీసి, కొబ్బరిముక్క కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. తర్వాత ఎవరూ చూడకుండా నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. ఆరోజునుంచి షెడ్డులో కేరేజీ కొయ్య అన్నవాణ్ణి ఆయనే తిట్టేవాడు.

ముహూర్తం దాటకముందే పెళ్ళివారు చేరారు. బండి దారిలో ఎందుకాగిందని తర్వాత జరిగిన విచారణలో ఆఫీసరు, “అన్ని రాళ్ళు ఒక్కడివే పెట్టావా?” అని అడిగాడు. “ప్రయాణికులు సాయం చేశారు సార్” అన్నాను. అంతకంటే చెప్పమని ఆయన అడగలేదు, చెప్పినా నమ్మేవాడు కాదు.

కొన్నేళ్ళు కొండల్లో తిరిగాక మళ్ళీ తెనాలి–రేపల్లె లైనుకే వచ్చిపడ్డాను. డెబ్భైలు సగం దాటాయి, నా జుట్టు కూడా సగం దాటింది. ఒక మధ్యాహ్నం తెనాలి ప్లాట్‌ఫారం మీద రేపల్లె బండి బయల్దేరబోతోంది. జెండా తియ్యబోతుంటే చివరి పెట్టె దగ్గర ఏదో హడావుడి. పెళ్ళివారు. ముప్పై దాటిన ఓ ఆవిడ ఒంగి చక్రాల దగ్గర ఏదో పెట్టబోతోంది.

“ఏయ్, ఏంటమ్మా అది? చక్రాల దగ్గర చేతులు పెట్టొచ్చా?” అని కేకేస్తూ పరిగెత్తాను.

ఆవిడ చేతిలో పసుపు గుడ్డ, అందులో నల్లటి రాయి. “మా ఇంటి ఆనవాయితీ అండి,” అంది. “పెళ్ళికి బయల్దేరితే బండి చక్రం వెనక రాయి పెట్టాలి. మా పేరాలలో అంతా ఇసకే కదండీ, మంచి రాయి దొరకదు. మా పెళ్ళప్పుడు మా అత్తగారి అత్తగారు కొండమీంచి తెచ్చిందండి. ఇంట్లో అందరి పెళ్ళిళ్ళకీ ఈ రాయే.”

ఆవిడ వెనక, మనవడి చెయ్యి పట్టుకుని, నాయనమ్మ. బాగా కుంచించుకుపోయింది. చూపు ఆనడం లేదు. ఆనాటి పెళ్ళికొడుక్కి బొజ్జ వచ్చింది, సామాన్లు లెక్కచూసుకునే గొడవలో నావైపు చూడనే లేదు.

“మామ్మగారూ, ఇక్కడ కొండ లేదు కదండీ. బండి ఎటూ జారదు,” అన్నాను.

“జారుద్దని ఎవరన్నారు? నీకేం తెలుసు నాయనా!” అని కసిరింది. “ఆ కొండమీద గార్డు చెప్పాడు. గార్డేంటి నా మొహం, ఆ తల్లి పంపిన మనిషి. మళ్ళీ కనపడితేనా!”

నేనే ఆ మనిషినని చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చింది. చెప్తే ఆ రాయి ఉత్త రాయైపోతుంది. మనవడి పెళ్ళాం చేతిలోంచి రాయి తీసుకున్నాను. నేలబారు ప్లాట్‌ఫారం కాబట్టి వంగడం తేలికే. రాయి పెట్టి, లేచి నిలబడి, పెళ్ళివారందరితో పాటు మొక్కాను. ఇంజను కూత వేశాక దాన్ని తీసి, కిటికీలోంచి నాయనమ్మ ఒళ్ళో పెట్టాను.

ఆవిడ చేత్తో తడిమి చూసుకుంది. “వెనక పక్కేనా పెట్టింది?”

“వెనక పక్కే మామ్మగారూ. పల్లం వైపే.”

“పల్లం వైపని నేను చెప్పలేదే. నీకెవరు చెప్పారు?”

“మా గార్డులందరికీ తెలుసండి. ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ కదా!”

ఆవిడ ముఖం వెలిగిపోయింది. మనవడి పెళ్ళాం వైపు తిరిగి, “విన్నావా? నేను చెప్తే నమ్మవు!” అంది.

నేను పచ్చజెండా ఊపాను.